బోర్లా ఉన్న పడవను బాపు ఒక్కడే తిప్పిన ఎండాకాలం

కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన లేని రోజులు చూసినవాళ్లకు సిరొంచ పడవలు గుర్తుండే ఉంటాయి. ఇవతలి ఒడ్డు అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా. అవతలి ఒడ్డున సిరొంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు కాబట్టి వానాకాలంలో అక్కడ నీళ్ల ఉరవడి మామూలుగా ఉండదు. అయినా పెళ్లిపిలుపులకు పోయేవాళ్లు, మిర్చి సంచులు, సైకిళ్లు, మేకపిల్లలు, బాలింతలు, అందరూ అన్నీ పడవ ఎక్కాల్సిందే. అటూ ఇటూ చుట్టరికాలున్న ఊళ్లు మావి. ఆ పడవల్లో కొన్నింటిని మా బాపు, అంటే నాన్న, చేశాడు.

పడవ గురించి మాట్లాడేవాళ్లు ఎంతసేపూ దాని వంపు గురించి, అది నీళ్లల్లో తేలే తీరు గురించే చెప్తారు. బాపు చేతిపనిని మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అంతకంటే ఎక్కువగా గుర్తున్నది ఇంకొకటి. క్వింటాళ్ల బరువున్న కట్టెను ఒక్క మనిషి నేల మీంచి ఎట్లా లేపాడు, ఎట్లా జరిపాడు, మళ్లీ ఎట్లా దించాడు అన్నది. దాన్ని మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసింది నేనొక్కదాన్నే. అందుకే రాసిపెట్టాలనిపించింది.

వడ్ల పని, అంటే వడ్రంగం, మా ఇంటి పని. నాగళ్లు, బండ్లు, దర్వాజలు, ఎవరైనా అడిగితే పడవలు. పడవ పని ఎప్పుడొచ్చినా బాపు, ఆయన తమ్ముడు చిన్నబాపు కలిసి చేసేవాళ్లు. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస. ఇద్దరి మధ్య మాట కూడా అక్కర్లేదు, ఒకరు ఊపిరి బిగబట్టగానే రెండో ఆయన లేపేవాడు. 2002లో చిన్నబాపు దుబాయ్ పోయాడు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న రోజులవి. ఆ తర్వాతి ఏడాదే గోదావరి పుష్కరాలు. జూలై 30 నుంచి మొదలు. కాళేశ్వరానికి జనం విరగబడి వస్తారని, కొత్త పడవ కావాలని ఒక గంగపుత్రుల ఆయన ఉగాదికి ముందే వచ్చి బయానా ఇచ్చిపోయాడు.

“వడ్లన్నా, పుష్కరాలకు పడవ నీళ్లల్ల ఉండాలె” అన్నాడు.

“ఉంటది పో” అన్నాడు బాపు. ఇంకొక మనిషి సాయం లేకుండా ఎట్లా ఉంటుందో అప్పటికి ఆయనకూ తెలియదనే నేననుకుంటా.

కూలి ఇచ్చి మనిషిని పెట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కాలంలో మా మహదేవ్‌పూర్ అడవుల వైపు ఉన్నవాళ్లకైతే అనిపించదు. ఏప్రిల్, మే వచ్చిందంటే తునికాకు, అదే బీడీల ఆకు. తెల్లవారుజామున నాలుగింటికే ఊరంతా అడవిలో ఉంటుంది. ఆకు తెంపుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, పొద్దుగూకేలోపల కల్లంలో అప్పజెప్పాలి. ఏడాది మొత్తంలో చేతికి రొక్కం వచ్చే రోజులవే. ముసలివాళ్లు, పిల్లలు కూడా కట్టలు కడుతూ కూర్చునేవాళ్లు. అలాంటప్పుడు దూలం పట్టడానికి రమ్మంటే ఎవరొస్తారు? అమ్మ కూడా ఆకుకే పోయేది. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నా. బాపు దగ్గర ఉండిపోయా.

పడవ కొలతలు చెప్తే బరువు సంగతి తెలుస్తుంది. 22 అడుగుల పొడవు, నడుమ 5 అడుగుల వెడల్పు, చదునైన అడుగు. అడుగున నిలువునా పోయే దూలం నల్లమద్దిది. పలకలు టేకువి. లోపలి వంపు కర్రలు తుమ్మవి. బండి చక్రాలకు వాడే ఆ తుమ్మే, సహజంగానే వంకర తిరిగి ఉంటుంది, విరగదు. ఎండిన టేకు ఒక ఘనపుటడుగుకు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది. నల్లమద్ది అంతకంటే బరువు, 24 కిలోల దాకా. దూలం 20 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. లెక్కేస్తే ఆ ఒక్క కట్టే 160 కిలోలు. అంటే రెండు వడ్ల బస్తాల కంటే ఎక్కువ. పడవ మొత్తం పూర్తయ్యేసరికి అయిదు క్వింటాళ్లు దాటుతుంది.

అటవీశాఖ డిపో వేలంలో కట్టె కొని, కోత మిషన్‌లో కోయించి, పర్మిట్ కాగితంతో సహా ట్రాక్టర్‌లో తెచ్చారు. ట్రాక్టర్ మా గల్లీలోకి పట్టలేదు. దూలాన్ని తోవ మీదనే దొర్లించి వెళ్లిపోయారు. పని చేసుకునే చింతచెట్టు అక్కడికి ఒక కేక దూరం. పలకలను బాపు ఒక్కొక్కటే భుజం మీద మోసుకొచ్చాడు. దూలం మాత్రం అట్లాగే పడి ఉంది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. గడ్డపారతో ఒక కొస కాస్త లేపి చూసేవాడు, దించేవాడు. మూడో రోజు పొద్దున ఎడ్లు లేని బండిని ఒక్కడే లాక్కుంటూ తీసుకెళ్లాడు.

ఆ రోజు ఏం చేశాడో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. బండి పైన ఉండే పెట్టెను ముందే విప్పేశాడు. రెండు చక్రాలు, మధ్యలో ఇరుసు, ముందుకు పొడుగ్గా నొగలు, అంతే మిగిలింది. దూలం రెండు చక్రాల మధ్యకు వచ్చేట్టు బండిని దాని మీదికి తోశాడు. నొగలను ఆకాశం వైపు నిలువుగా లేపాడు. అట్లా లేపితే ఇరుసు మీదున్న దిమ్మె కిందికి తిరిగి దూలానికి దగ్గరగా వస్తుంది. అప్పుడు గొలుసుతో దూలాన్ని దిమ్మెకు గట్టిగా బిగించి కట్టాడు. నొగల కొసకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని కిందికి లాగాడు. నొగలు కిందికి వస్తుంటే దిమ్మె తిరిగి, గొలుసు బిర్రుగా అయి, దూలం నేలను విడిచి లేచింది. జానెడు లేచిందేమో, అంతే చాలు. నొగల కొసను దూలానికే కట్టేసి, బండిని నడిపించుకుంటూ వచ్చేశాడు. నడిమి కంటే కొంచెం ముందుకు కట్టాడు కాబట్టి వెనక కొస నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. బరువంతా చక్రాల మీద, బాపు చేతుల మీద ఉన్నది తోవ చూపించడం ఒక్కటే.

తోవలో బీడీలు చుట్టుకుంటూ కూర్చున్న అవ్వలు “గదేంది కొడుకా, బండికింద కట్టె” అని నవ్వారు. బాపు నవ్వలేదు. మూలమలుపు దగ్గర చక్రం గుంతలో పడకుండా చూసుకుంటున్నాడు.

చెట్టు కిందికి వచ్చాక అసలు పని. దూలాన్ని బాడిసెతో చెక్కాలంటే మోకాలెత్తు దిమ్మెల మీద ఉండాలి. ఇక్కడ బాపు పద్ధతి చాలా మామూలుది, ఎవరైనా చేయగలిగేది. అయితే దానికి ఓపిక కావాలి. గడ్డపార ఆరడుగులు. దూలానికి అరడుగు దూరంలో చిన్న కట్టె ముక్క ఆనించి, గడ్డపార మొన దూలం కింద పెట్టి, అవతలి కొసను నొక్కితే పదింతల బలం వస్తుంది. ఒక కొసన 80 కిలోలు లేపడానికి ఎనిమిది కిలోలు నొక్కితే సరిపోతుంది. కాకపోతే చెయ్యి పది అంగుళాలు దిగితే దూలం ఒక్క అంగుళమే లేస్తుంది. ఆ అంగుళం సందులో వెంటనే ప్యాకింగ్, అంటే కట్టె ముక్కలు, దూర్చాలి. మళ్లీ ఆనిక ఎత్తు పెంచుకోవాలి, మళ్లీ నొక్కాలి. ఒక కొసను రెండంగుళాల కంటే ఎక్కువ లేపేవాడు కాదు. అటువైపు వెళ్లి రెండో కొసను కూడా అంతే లేపేవాడు. ఒకే కొసను పైకి తీసుకుపోతే దూలం జారుతుంది, ఒరుగుతుంది.

ప్యాకింగ్ పెట్టడం నా పని. అంగుళం మందం, రెండంగుళాల మందం ముక్కలు వేరువేరు కుప్పలుగా పోసి పెట్టాడు. అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస పేర్చుకుంటూ పోవాలి. ముక్కను చేత్తో దూర్చడానికి వీల్లేదు. మూడడుగుల కట్టె ఒకటి నాకు ఇచ్చాడు.

“కట్టెతోని నూకు బిడ్డా. బరువు కిందికి చెయ్యి పోవద్దు. ముక్క కింద పడితే పడనియ్యి, తీసుకోను వంగకు. నేను దించినంక తీసుకో.”

ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో. ప్రతిసారీ కొత్తగా చెప్పినట్టే చెప్పేవాడు. నేను విన్నానని తలూపేదాకా గడ్డపార నొక్కేవాడు కాదు. మా ఊళ్లో బోరు మోటార్లు తీసేటప్పుడు, బండ కిందికి దించేటప్పుడు వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. బాపు చేతులకు మాత్రం ఇప్పటికీ పది వేళ్లూ ఉన్నాయి. యాభై ఏళ్ల వడ్ల పనికి అది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

ఆ ఏడాది ఎండలు ఎట్లా కాశాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2003 మే, జూన్‌లలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. బాపు చీకటితో లేచి పది కొట్టేసరికి ఆపేసేవాడు. మళ్లీ సాయంత్రం నాలుగు దాటాకే గడ్డపార ముట్టుకునేవాడు, ఇనుము అప్పటిదాకా చేతికి తాకనిచ్చేది కాదు. మధ్యాహ్నం చింత నీడలో నులకమంచం వేసుకుని పడుకునేవాడు. పడుకున్నాడని మేం అనుకునేవాళ్లం. కళ్లు తెరిచి పైన కొమ్మలు చూస్తుండేవాడు. ఏ కొమ్మ ఎంత లావు, ఎటు వంగి ఉంది, దేనికి పగులు ఉంది, అదీ ఆయన చూసేది.

పడవను మేం బోర్లా కట్టుకుంటూ వస్తాం. తుమ్మ వంపు కర్రలు ముందు తలకిందులుగా నిలబెట్టి, వాటి మీద అడుగు దూలం కూర్చోబెట్టి, తర్వాత పలకలు కొడతాం. కాబట్టి చెక్కిన దూలం నడుమెత్తుకు పైగా లేచి, ఒక్కో వంపు కర్ర మీద తీసిన గాడిలో సరిగ్గా దిగాలి. గడ్డపారతో లేపొచ్చు గానీ గాడిలో దించడం దానితో కుదరదు. పైనుంచి వేలాడదీయాల్సిందే.

ఊళ్లో చైన్ పుల్లీ ఒక్కటే ఉండేది, బోరు మెకానిక్ దగ్గర. ఎండాకాలంలో బావులెండి, మోటార్లు కాలి, అది ఏ రోజూ ఖాళీగా ఉండేది కాదు. బాపు మా పాత మోటబావి దగ్గరికి పోయాడు. కరెంటు మోటార్లు వచ్చాక మోట కొట్టడం ఎప్పుడో ఆగిపోయింది. రెండు గిరకలు మాత్రం గుంజల మీద అట్లాగే తుప్పుపట్టి ఉన్నాయి. వాటిని ఊడదీసి, ఇరుసులకు ఆముదం పోసి, తిరిగేదాకా తిప్పాడు.

గిరక ఒకటి పైన కట్టి లాగితే బరువు తగ్గదు, కిందికి లాగే వీలు మాత్రం వస్తుంది. బావిలో చేదుకున్నవాళ్లందరికీ అది తెలుసు. రెండో గిరకను బరువుకే కట్టి, తాడు ఒక కొసను కొమ్మకు బిగించి, ఆ గిరక చుట్టూ తిప్పి, పైన గిరక మీదుగా కిందికి తెస్తే సగం బలంతో లేపొచ్చు. తాడు మాత్రం రెండింతలు లాగాలి. బాపు అంతటితో కూడా ఆగలేదు. దూలం మొత్తాన్ని ఒకేసారి లేపే ప్రయత్నమే చేయలేదు. ఒక కొస లేపి కట్టేసేవాడు, గిరకలు విప్పి రెండో కొసకు మార్చేవాడు. ఒక కొస బరువు 80 కిలోలు, గిరకతో అందులో సగం, దాని మీద గిరకల రాపిడి. అది బాపు లాంటి బక్కపలచ మనిషికి కూడా అందేదే.

కొమ్మ మాత్రం చింతదే. మా దొడ్డిలో మామిడి కూడా ఉంది, ఇంకా అనువైన చోటే ఉంది. “మామిడిని నమ్మద్దు, చెప్పకుండ ఇరుగుతది” అనేవాడు. చింతకొమ్మ వంగుతుంది, చప్పుడు చేస్తుంది, ముందే తెలుస్తుంది.

దూలం గాడుల్లో దిగిన రోజు ఆయన మొహం చూడాలి. ప్రతి గాడిలో వేలు పెట్టి తడిమి చూసుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు.

పలకల పని గురించి ఎక్కువ చెప్పను, అది మామూలుగా అందరూ చేసేదే. ఒక కొస కొడుతుంటే రెండో కొస పట్టుకోవడానికి పంగలకర్రలు రకరకాల ఎత్తుల్లో కోసి పెట్టుకున్నాడు. వంచాల్సిన పలకను నీళ్లతో తడుపుతూ మంట మీద కాచి, రెండు పక్కల పలకలకూ కలిపి తాడు చుట్టి, ఆ తాడు మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పేవాడు. మెలిక బిగిసినకొద్దీ పలకలు లోపలికి వచ్చి వంపు కర్రలకు అతుక్కునేవి. గడ్డి బండికి మోకు బిగించే పనే అది. అయితే ఆ కర్ర చేతిలోంచి జారితే గిర్రున వెనక్కి తిరిగి పళ్లు రాలగొడుతుంది. అందుకే ప్రతి రెండు మెలికలకు ఒకసారి దాన్ని చిన్న తాడుతో కట్టేసేవాడు. నన్ను ఆ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

మే నెల చివరికి పడవ బోర్లా తయారైంది. సందుల్లో దూది, నార కొట్టి, గుగ్గిలం నూనెలో కాచి పోశాడు. అడుగంతా తారు పూశాడు. ఇప్పుడు దాన్ని తిప్పాలి.

అంతకుముందు ఎప్పుడు పడవ తిప్పినా పది మంది కావాల్సిందే. ఒకవైపు అయిదుగురు లేపితే, అవతల అయిదుగురు పట్టుకుని దించేవాళ్లు. ఆ పది మందిలో ఒకరి కాలు జారినా పలక పగులుతుంది, లేదా మనిషి నలుగుతాడు. తునికాకు ఇంకా అయిపోలేదు. కల్లం ఎత్తేదాకా ఆగమని అమ్మ అంది. లోపలి పని ఇంకా చాలా ఉంది, ఆగితే పుష్కరాలకు అందదు.

బాపు మళ్లీ ఆ బండినే తెచ్చాడు. ఈసారి చింతచెట్టు మొదట్లో పెట్టి, ఇరుసు కింద ప్యాకింగ్ పేర్చి, ఒక చక్రం నేలకు తగలకుండా గాల్లో ఉండేట్టు లేపాడు. బండిని చెట్టుకే గొలుసుతో కట్టేశాడు. కొమ్మ మీది గిరక నుంచి వచ్చే తాడును ఆ చక్రం నడిమి లావు దిమ్మెకు చుట్టాడు. చక్రం ఆకులు, అంటే నడిమి నుంచి అంచుకు పోయే కర్రలు, పట్టుకుని తిప్పితే తాడు దిమ్మెకు చుట్టుకుంటుంది. చక్రం వెడల్పు అయిదడుగులు, నడిమి దిమ్మె అడుగు. అంటే అయిదింతల బలం. పడవ ఒక అంచు లేపాలంటే మొదట్లో రెండున్నర క్వింటాళ్లు. గిరకతో సగం, చక్రంతో అందులో అయిదో వంతు. 25 కిలోలకు కాస్త ఎక్కువ. తిప్పడం ఆపినప్పుడు ఆకుల మధ్య ఒక కర్ర అడ్డం దూరిస్తే చక్రం అక్కడే ఆగిపోతుంది. ఈ ఉపాయం ఎక్కడ చూశావని ఈ మధ్య ఒకసారి అడిగా. “చూసుడేంది? గిరక లెక్కనే గదా చక్రం” అన్నాడు.

లేపడం వరకు అట్లా సరే. ఒక అంచు మీద నిలబడ్డాక పడవ తనంతట తాను అటు పడిపోతుంది. దాన్ని ఆపేది ఎవరు?

పడవకు ఇటువైపు వేపచెట్టు ఉంది. లేచే అంచుకు ఇంకో మోకు కట్టి, దాన్ని తెచ్చి వేప మొదలుకు మూడు చుట్లు చుట్టి, కొస నా చేతికి ఇచ్చాడు.

నాకు కాళ్లు వణికాయి. పదమూడేళ్ల పిల్లను, అయిదు క్వింటాళ్ల పడవ. బాపు నా ముందు కూర్చుని, మోకు రెండో కొసను వేరే కొమ్మకు కట్టి, దానికి వేలాడి చూపించాడు. తన బరువంతా తాడు మీద వేసి రెండు కాళ్లూ నేల విడిచాడు. ఇటు నేను రెండు వేళ్లతో పట్టుకున్న కొస కదలనైనా కదల్లేదు.

“నువ్వు పట్టుడు లేదు బిడ్డా, చెట్టు పడ్తది. నువ్వు ఇడువుడు సూస్కో. మెల్లగ, జానెడు జానెడు. చుట్టు మీద చుట్టు ఎక్కనియ్యకు. నేను ఆపమంటె కొస గుంజి పట్టు, గంతే.”

చాలా ఏళ్ల తర్వాత వరంగల్‌లో డిప్లొమా చదువుతున్నప్పుడు క్లాసులో ఆ సూత్రం బోర్డు మీద రాశారు. తాడు, చెట్టు గరుకును బట్టి ఒక్క చుట్టుకు లాగుడు ఆరో వంతుకు తగ్గిందనుకుందాం. రెండో చుట్టుకు ఆ ఆరో వంతులో మళ్లీ ఆరో వంతు, మూడో చుట్టుకు అందులో ఆరో వంతు. అటు 216 కిలోల లాగుడు ఉంటే నా చేతికి వచ్చేది ఒక్క కిలో. లెక్క చూశాక క్లాసులోనే నాకు కళ్లు చెమర్చాయి. బాపు నన్ను ప్రమాదంలో పెట్టలేదు, కొలిచి చూసుకునే పెట్టాడు.

తెల్లవారుజామున మొదలుపెట్టాం. పడవ అవతలి అంచు జారకుండా దాని కింద చిన్న గాడి తవ్వి, బయటివైపు మేకులు పాతాడు. పడవ పడబోయే చోట యూరియా సంచుల్లో గోదావరి ఇసుక నింపి రెండు వరసలు పేర్చాడు. చక్రం ఒక ఆకు తిప్పడం, కర్ర అడ్డం పెట్టడం, వచ్చి పంగలకర్రను ఒక మెట్టు పైకి మార్చడం, మళ్లీ వెళ్లి ఇంకో ఆకు. పరుగెత్తలేదు. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు కూడా పంగలకర్ర గట్టిగా ఉందో లేదో తన్ని చూసి, అప్పుడే చెంబు ఎత్తేవాడు. పొద్దెక్కేసరికి పడవ పక్క పలక మీద నిలువుగా నిలబడింది. తారు పూసిన అడుగు అటువైపు తిరిగి ఉంది, లోపలి తుమ్మ కర్రలన్నీ నాకు ఎదురుగా ఉన్నాయి. మొదటిసారి పడవ లోపల చూశా.

“ఇగ ఇడువు” అన్నాడు.

కొస వదులు చేశా. మొదట ఏం కదల్లేదు. ఇంకొంచెం వదిలా. వేప మొదలు దగ్గర మోకు కిర్రుమంది. బెరడు పొడి రాలి నా పాదాల మీద పడింది. జానెడు జారి ఆగింది. పడవ కూడా అంతే ఒరిగి ఆగింది. ఇంకో జానెడు. బాపు పడవ కొస పక్కన నిలబడి ఉన్నాడు, మీద పడని చోట, చెయ్యి ఎత్తి చూపిస్తూ. మోకు రాసుకుని వేడెక్కిన వాసన వచ్చింది. మధ్యలో ఒకసారి ఆపమని సైగ చేశాడు, కొస గుంజి పట్టా. అంత పెద్ద పడవ గాల్లో సగం ఒరిగి, నా రెండు చేతుల పట్టుకు ఆగింది. ఆయన తాపీగా వెళ్లి ఒక ఇసుక సంచిని సర్ది వచ్చాడు. తర్వాత ఇంకా వదిలా. సంచుల మీద పడవ కూర్చున్నప్పుడు చప్పుడే రాలేదు.

అమ్మ పదకొండింటికి ఆకు మూటతో వచ్చింది. వెల్లకిలా ఉన్న పడవను చూసి, మూట నెత్తి మీద ఉండగానే “ఎవలొచ్చిండ్రు?” అని అడిగింది. ఎవరూ రాలేదని తెలిశాక బాపును ఆ రోజంతా తిట్టింది. నా అరచేతులు తిప్పితిప్పి చూసింది.

ఇసుక సంచులు ఎందుకో నెల తర్వాత తెలిసింది. లోపలి పని అయ్యాక పడవను నీలగిరి దుంగల మీదికి దించాలి, దొర్లించుకుంటూ ఏటికి తీసుకెళ్లడానికి. దుంగలను సంచుల మధ్య సందుల్లో పెట్టాడు. కత్తి మొనతో ఒక్కో సంచి కింది మూలలో చిన్న బొక్క పెట్టాడు. ఎండిన ఇసుక సన్నగా కారడం మొదలైంది. అటు రెండు, ఇటు రెండు సంచులు సమంగా కారేట్టు చూసుకుంటూ, ఒకటి ఎక్కువ కారితే బొక్కలో గుడ్డపేలిక కుక్కుతూ చుట్టూ తిరిగాడు. అయిదు క్వింటాళ్ల పడవ ఎవరూ ముట్టుకోకుండానే దుంగల మీదికి దిగింది. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి పునాదిలో కాకతీయులు నింపిన ఇసుక గురించి అందరూ మాట్లాడుతున్నారు. అక్కడ ఇసుక చేసే పని వేరే. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు కారుతున్న యూరియా సంచులు, వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న బాపు గుర్తొస్తారు.

ఏటికి దించేనాటికి ఊరంతా వచ్చింది. తునికాకు అయిపోయింది, కొత్త నీళ్లు వచ్చాయి. గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దుంగల మీద దొర్లించుకుంటూ తీసుకెళ్లారు. పుష్కరాల పన్నెండు రోజులూ ఆ పడవ ఖాళీగా ఉండలేదు.

2005లో చిన్నబాపు సెలవు మీద వచ్చాడు. దుబాయ్‌లో షట్టరింగ్ పని. అక్కడ ఏది లేపాలన్నా క్రేన్. విషయం తెలిసి అన్న మీద ఎగిరాడు. “నలుగుర్ని పిలిస్తె రారా? ఏమన్న అయితె పిల్ల గతేంది?” అన్నాడు. బాపు సమాధానం చెప్పకుండా ఆయన్ను వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లి, మోకుకు వేలాడదీసి చూపించాడు. చిన్నబాపు కాసేపు చెట్టునే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అక్కడి యూ జాకీల గురించి చెప్పాడు, మర తిప్పినకొద్దీ స్లాబు మోసే గుంజలు వెంట్రుకవాసి లేస్తాయని. మరుసటి పడవ ఇద్దరూ కలిసి చేశారు. చిన్నబాపు ఎక్కడినుంచో పాత లారీ జాకీ తెచ్చాడు, గడ్డపారతో చేసే పని సగం దానితోనే అయిపోయింది. బాపు దాన్ని తెగ మెచ్చుకున్నాడు, తిప్పి తిప్పి చూసి మరలకు గ్రీజు పెట్టాడు.

పడవ తిప్పే రోజు వచ్చేసరికి నేను పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్నా. వేపచెట్టుకు మూడు చుట్లు పడ్డాయి. కొస అందుకోవడానికి చిన్నబాపు ముందుకొచ్చాడు. బాపు ఆయన్ను చక్రం దగ్గరికి పొమ్మని, లోపలున్న నన్ను కేకేశాడు.

“దానికి ఇడువుడు తెలుసు” అన్నాడు.